ఉప్పు తగిలిన పన్నెండు పొరలు

కామారెడ్డి స్కానింగ్ సెంటర్‌లో డాక్టరమ్మ మాట్లాడటం మానేసి కొలవడం మొదలుపెట్టినప్పుడే నాకు భయం పట్టుకుంది. ఒక బిడ్డ చుట్టూ ఉన్న నీరు కొలిచింది. తర్వాత రెండో బిడ్డ చుట్టూ. మళ్ళీ మొదటి బిడ్డ దగ్గరికి వచ్చింది. ఒకే కొలతను మూడుసార్లు తీశారంటే ఆ అంకె నచ్చలేదని అర్థం. నా ఉద్యోగంలో నేనూ అదే చేస్తాను.

అక్కకు అప్పుడు ఐదో నెల. కవలలని అంతకుముందు స్కాన్‌లోనే తెలిసింది. బావ మస్కట్‌లో పనిచేస్తాడు. అందుకని ఎల్లారెడ్డి నుంచి అమ్మ ఆమెను బస్సులో తీసుకొచ్చింది, నేను హైదరాబాద్ నుంచి రైల్లో వచ్చి వాళ్లను కలిశాను. అక్క పొట్ట నెలకు మించి పెరిగిందని, నడుస్తుంటే ఆయాసం వస్తోందని అమ్మ దారిపొడవునా సంతోషంగానే చెప్పిందట. ఇద్దరు కదా, పెరగదా అని.

"మంచిగున్నరా డాక్టరమ్మా?" అని అమ్మ అడిగింది.

"ఇద్దరికీ మాయ ఒక్కటే ఉందమ్మా. ఒక బిడ్డ రక్తం ఇంకో బిడ్డకు పోతున్నది. ఒకరి దగ్గర నీళ్లు బాగా ఎక్కువైనయి, ఇంకొకరి దగ్గర అస్సలు లేవు. హైదరాబాద్ తీస్కపోండి. వారం చూద్దాం, పది రోజులు చూద్దాం అనొద్దు."

"మందులకు తగ్గదా?"

"తగ్గదు. లోపలికి పోయి, ఆ రక్తనాళాలను లేజర్‌తోని మూసెయ్యాలె."

"కడుపుల పిల్లలుండంగనా?" అంది అమ్మ.

అక్క తల తిప్పి నా వైపు చూసింది. ఎందుకంటే ఆ పని దేనితో చేస్తారో మా ఇంట్లో తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. పుట్టని పిల్లలకు ఆపరేషన్ చేసే పరికరాలను పరీక్షించడమే నా ఉద్యోగం.

హైదరాబాద్‌లో మాది చిన్న ప్రయోగశాల. పరికరాలను తయారు చేసేది వేరేవాళ్లు, వాడేది డాక్టర్లు. మధ్యలో మేం వాటిని విరగ్గొట్టి, వేడిచేసి, నానబెట్టి, పొడిచి చూస్తాం. కెమెరా గొట్టం చివర ఎంత వేడెక్కుతుంది, వెలుతురు ఎంత దూరం పోతుంది, లేజర్ తీగ ఎంత వంచితే విరుగుతుంది, ఇలాంటివన్నీ. అన్నిటిలో నా చెయ్యి ఉంటుంది గానీ ముఖ్యంగా నాకు అప్పజెప్పింది ట్రోకార్. అదొక సన్నని గొట్టం, దాని లోపల మొనదేలిన సూది. సూది తల్లి పొట్టలోంచి, గర్భసంచిలోంచి, చివరగా ఉమ్మనీటి సంచిలోంచి పొడుచుకుంటూ పోతుంది. తర్వాత సూదిని బయటకు లాగేస్తే గొట్టం దారిగా మిగులుతుంది. కెమెరా, లేజర్ తీగ ఆ దారినే లోపలికి పోతాయి.

ఇందులో అందరూ భయపడేది పొట్ట గురించి కాదు. చర్మం మానుతుంది. గర్భసంచి కండరం బిగుసుకుంటుంది. ఉమ్మనీటి సంచి పొర మాత్రం మానదు. తడి కాగితంలాంటి ఆ పొరకు ఒకసారి చిల్లు పడిందంటే కాన్పు దాకా అది చిల్లే. గుండ్రంగా, చిన్నగా ఉంటే నిలుస్తుంది. అంచు చీలి పక్కకు పాకితే నీళ్లన్నీ పోతాయి, పిల్లలు నెలలు నిండకుండానే బయటకు వస్తారు. అందుకే ట్రోకార్ పరీక్షలో నేను రాసే అంకెలన్నిటిలో ముఖ్యమైనది ఒక్కటే: పొడిచిన తర్వాత చిల్లు అంచు ఎంత దూరం చీలింది.

ఏడాది కిందట ఒక కొత్త ట్రోకార్ మా దగ్గరికి వచ్చింది. పాతదానికంటే సన్నం. రబ్బరు పొరల మీద పొడిస్తే అన్నీ బాగానే ఉన్నాయి. కానీ రబ్బరు రబ్బరే. ఆసుపత్రి నుంచి అసలు పొరలు రావాలంటే తల్లుల అనుమతి, కాగితాలు, సమయం కావాలి. ఈలోపు గొర్రెల పొరల మీద చూద్దామని మా పై అధికారి, మేం మేడం అని పిలిచే ఆవిడ అన్నది. "మా ఎల్లారెడ్డి దిక్కు గొర్రెలకేం తక్కువ మేడం" అని నేనే ముందుకు వచ్చాను. ఆ రోజు నుంచి మా వాళ్లు నన్ను గొర్రెల ఇంజనీరు అనడం మొదలుపెట్టారు.

ఎల్లారెడ్డికి, లింగంపేటకు మధ్య కోసిన వరి మడుల్లో ఒక కాక మంద పెడతాడు. చుట్టం కాదు గానీ చిన్నప్పటి నుంచి కాక, అంటే చిన్నాన్న, అనే పిలుస్తాను. పెద్ద మంద, ఏ నెలలో పోయినా ఈనే గొర్రెలు ఉంటాయి. మొదటిసారి వెళ్లినప్పుడు, ఈనాక మాయతో పాటు పడిన ఆరు పొరలు నా చేతులతోనే తీసుకుని, సెలైన్ నీళ్లలో వేసి, చల్లటి డబ్బాలో పెట్టుకుని వచ్చాను. రెండోసారి మంద దగ్గర ఆగడానికి సెలవు దొరకలేదు. డబ్బా, సెలైన్ సీసాలు ముందే కాకకు ఇచ్చి ఎలా పెట్టాలో చెప్పాను. రెండు రోజుల తర్వాత వెళ్తే పన్నెండు పొరలు సిద్ధంగా ఉన్నాయి. కవరు విప్పి చూస్తే పచ్చగా ఉన్నాయి.

"ఇదేంది కాకా, గిట్ల పచ్చగున్నయి?"

"ఉప్పు, పసుపు ఏసిన."

"ఉత్త నీళ్లల్ల పెట్టమంటి గద!"

"నీ నీళ్లల్లనే పెట్టిన. పోయినసారి నువ్వు ఉత్తగ తీస్కపోతే మనసొప్పలే. మాయ మంద దాటి ఉత్తగ పోవద్దురా. గొర్రెకు పాలెండుతయ్. కవరుకు పిడికెడు ఉప్పు ఏసినంత మాత్రాన నీ సదువు కరిగిపోదు తియ్."

గొర్రె ఈనిన తర్వాత పడే మాయను కాక ఎవరికీ ఇవ్వడు, కుక్కలను ముట్టనివ్వడు, ఉప్పు పసుపు వేసి పూడుస్తాడు. నాకు ఇవ్వడమే పెద్ద మినహాయింపు. దానికి తన జాగ్రత్త తాను తీసుకున్నాడు. నేను ఏమనగలను? ప్రయోగశాలకు తెచ్చి పసుపు రంగు పోయేదాకా మూడుసార్లు కడిగాను. సెలైన్ కూడా ఉప్పు నీళ్లే కదా అని నాకు నేను చెప్పుకున్నాను. కానీ సెలైన్‌లో లీటరుకు ఉండేది తొమ్మిది గ్రాముల ఉప్పు. అది నాకు తెలుసు. పిడికెడు ఎంతో కూడా తెలుసు. పరీక్ష ఫలితాలు రాసే కాగితంలో 'పొర స్థితి' అనే గడి ఉంటుంది. అందులో 'తాజా, ఏమీ కలపలేదు' అని రాశాను. ఉప్పు, పసుపు, మంద, దిష్టి అని రాస్తే గొర్రెల ఇంజనీరు అనే మాట ఇంకెన్నేళ్లు ఉంటుందోనని సిగ్గుపడ్డాను. కారణం అంతే. ఇంతకంటే పెద్ద కారణం ఉంటే బాగుండేది.

మొదటి ఆరు పొరల్లో రెండింటికి చిల్లు అంచు చీలి పక్కకు పాకింది. తర్వాతి పన్నెండింటిలో ఒక్కటి కూడా చీలలేదు. అన్నీ గుండ్రంగా, కంపాస్‌తో గీసినట్టు. మొదట్లో నా చేయి కుదురుకోలేదని, తర్వాత కుదురుకుందని కింద వ్యాఖ్య రాశాను. మేడం నమ్మి సంతకం పెట్టింది. మిగతా పరీక్షలు, అనుమతులు అయ్యాక ఆ ట్రోకార్ ముందుగా హైదరాబాద్‌లోని ఒకే ఆసుపత్రికి చేరింది.

కామారెడ్డి డాక్టరమ్మ మా ముందే ఫోన్ చేసి మాట్లాడింది ఆ ఆసుపత్రితోనే. "ఎల్లుండి పొద్దున్నే చేస్తరట. రేపటికల్లా చేర్చండి," అంది.

నేను బయటకు వచ్చి మెట్ల మీద కూర్చున్నాను. ఉప్పు పట్టిన తోలు గట్టిపడుతుందని గొర్రెలు కాసేవాళ్లందరికీ తెలుసు. పల్చటి పొర గట్టిపడదని నేనెలా అనుకున్నాను? చీలిన ఆ రెండే నిజమేమో. పన్నెండూ అబద్ధమేమో. అయితే ఇప్పుడు చెబితే ఆ పరికరాన్ని ఆపేస్తారు. ఆపితే తేదీ జరగొచ్చు. అక్క పొట్టలో నీళ్లు తేదీ కోసం ఆగవు. చెప్పకపోతే ఎల్లుండి పొద్దున నేను మంచిదని రాసిన సూది మా అక్క పొట్టలోకి పోతుంది. రెండు వైపులా చూశాను. ఏ వైపు చూసినా చావు కనబడింది. ఏది చిన్నదో తేల్చే కొలత నా దగ్గర లేదు.

మేడంకు ఫోన్ చేశాను. ఉప్పు, పసుపు, గడిలో రాసిన మాట, అన్నీ వరుసగా చెప్పాను.

"ఏడాది తర్వాత ఇప్పుడెందుకు చెప్తున్నావు?" అంది.

"ఎల్లుండి మా అక్కకు చేస్తున్నారు మేడం."

"అక్క కాకపోతే చెప్పేవాడివా?"

సర్జన్‌కు ఇప్పుడే చెప్పండి మేడం అన్నాను.

మేడం ఆసుపత్రి సర్జన్‌తో మాట్లాడి తిరిగి చేసింది. వాళ్ల దగ్గర పాత ట్రోకార్‌లు ఉన్నాయి. కానీ అవి లావు, చిల్లు పెద్దది పడుతుంది. మా అంకెలు చూసే ఆ సర్జన్ అక్కకు సన్నదాన్ని ఎంచుకున్నారట. "ఏది వాడాలో ఆవిడ రేపు సాయంత్రంలోపు తేల్చుకోవాలి. ఆవిడకు నీ భయం అక్కర్లేదు, అంకెలు కావాలి. ఉప్పు తగలని పొరలు తీసుకునిరా. రేపు మధ్యాహ్నానికి," అంది మేడం.

అమ్మను, అక్కను మరునాడు కారులో హైదరాబాద్ పంపే ఏర్పాటు చేసి, నేను ఎల్లారెడ్డి బస్సెక్కాను. తెల్లారేసరికి కాక మంద దగ్గర ఉన్నాను. ఆ రాత్రి, తెల్లవారుజామున ఎనిమిది గొర్రెలు ఈనాయి. కాక కవర్లు తీసుకుని, అలవాటు ప్రకారం ఉప్పు డబ్బా మూత తీశాడు.

"ఉప్పు వద్దు కాకా. పసుపు గూడ వద్దు."

"ఉత్తగ ఇయ్యరాదని చెప్పిన గద. ఎన్నిసార్లు చెప్పాలెరా నీకు?"

"పోయినసారి ఉప్పు తాకి పొరలు గట్టివడ్డయి. నేను తప్పు లెక్క రాసిన. ఆ లెక్క పట్టుకొని రేపు అక్కకు ఆపరేషన్ చేస్తున్నరు."

"మన పిల్లకా? ఏమైంది?"

చెప్పాను. ఒకే మాయ, ఇద్దరు పిల్లలు, ఒకరి రక్తం ఒకరికి పోవడం. గొర్రెల్లో కవలలను వందలసార్లు చూసినవాడు కాబట్టి మా అమ్మ కంటే త్వరగా అర్థం చేసుకున్నాడు.

"అయితే నాదేనా తప్పు?" అన్నాడు.

"నీది కాదు కాకా. నువ్వు ఏసినవని నాకు ఎరుకే. రాయంది నేను."

"మరి రాయకపోతివి?"

"నవ్వుతరని."

"థూ," అన్నాడు. "పెద్ద సదువు సదివినోనికి నవ్వుతరని భయమా? తోడేలు దిరిగే జాగల పండుకుంట నేను. నాకన్న పిరికోనివి ఉన్నవ్ గదరా."

ఉప్పు డబ్బా కవర్ల మీద నుంచి పక్కకు తీశాడు. తర్వాత ఈనిన ఎనిమిది గొర్రెల్లో ఒక్కొక్కదాని దగ్గరికి వెళ్లి, పిడికెడు ఉప్పు దాని చుట్టూ తిప్పి, మాయ పడిన చోట నేల మీద వేశాడు. "దానిది దానికి ఏసిన. నీ కవర్లల్ల ఏస్తలే. తీస్కపో, జల్దీ పో," అన్నాడు. పొరలను నేనే తీశాను, నా సెలైన్‌లో నేనే ముంచాను. నా చేతులకు ఉప్పు అంటి ఉందేమోనని అనుమానం వచ్చి, సీసా నీళ్లతో రెండుసార్లు కడుక్కుని మళ్ళీ మొదలుపెట్టాను.

కామారెడ్డి దాకా బస్సు, అక్కడి నుంచి రైలు. డబ్బాను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఎదుటి సీటు పెద్దాయన "చేపలా బాబు?" అని అడిగితే అవునన్నాను. మధ్యాహ్నం ఒంటిగంటకు ప్రయోగశాలలో ఉన్నాను. ఆసుపత్రి వాళ్లు పంపిన పాత ట్రోకార్‌లు అప్పటికే బల్ల మీద ఉన్నాయి. ఒక్కో పొర మీద మూడు చోట్ల, మొత్తం ఇరవై నాలుగు పోట్లు. పన్నెండు కొత్తదానితో, పన్నెండు పాతదానితో. మేడం పక్కనే నిలబడి, నేను చెప్పిన ప్రతి కొలతనూ తన కళ్లతో చూసి తన చేత్తో రాసింది. నన్ను రాయనివ్వలేదు.

పాతదాని చిల్లు పెద్దదే. కానీ పదకొండు గుండ్రంగా నిలిచాయి, ఒకటి కొద్దిగా సాగింది. కొత్తదాని చిల్లు చిన్నది. అందులో ఐదు చీలాయి. ఒకటైతే నేను చూస్తుండగానే పొర అంచు దాకా పాకింది, గాజుకు పగులు పాకినట్టు, చప్పుడు లేకుండా.

ఇది ఆసుపత్రికి ఎప్పుడు చేరిందో నాకు తెలియదు. ఇంతకుముందు ఎవరెవరికి వాడారు? ఆ ఆలోచన రాగానే మేడం వైపు తిరిగాను. మేడంకు కూడా అదే తోచినట్టుంది. సర్జన్‌కు ఫోన్ కలిపి మొదట అదే అడిగింది. ఆ సెట్టు నెల కిందటే వచ్చిందని, ఇంకా మూత విప్పలేదని, అక్కకే మొదటిసారి వాడబోయామని ఆవిడ చెప్పింది. అప్పుడు నాకు కలిగినదాన్ని ఊరట అనలేను. లోయ అంచున ఆగిన బస్సులో ఉన్నవాడికి ఎలా ఉంటుందో అలా ఉంది.

సర్జన్ నాతో మాట్లాడతానన్నది. "పాతదే వాడతాను," అంది. "ఒకటి అడుగుతాను, నిజం చెప్పు. నువ్వు పరీక్షించిన వేరే వస్తువులు కూడా నా దగ్గర ఉన్నాయి. రాయకుండా వదిలేసింది ఇంకేమైనా ఉందా?"

లైటు, కెమెరా, లేజర్ తీగ, ఒక్కొక్క పరీక్షనూ మనసులో మొదటి నుంచి తిరగేశాను. ఆవిడ ఫోన్ పెట్టకుండా ఆగింది. "లేదు డాక్టర్" అనడానికి నాకు చాలాసేపు పట్టింది. అన్నాక కూడా, అది నిజమేనా అని భయం వేసింది.

ఆ సాయంత్రం వార్డులో అక్క పక్కకు తిరిగి పడుకుని ఉంది. వెల్లకిలా పడుకుంటే ఊపిరి ఆడటం లేదు.

"నువ్ చూసిన సామాన్లతోనేనారా చేసేది?" అని అడిగింది.

"కాదక్కా. నేను మంచిదన్నది మంచిది కాదు. తప్పు రాసిన. ఇయ్యాల మళ్ల చూసినం. పాతదానితోని చేస్తరు."

అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అక్క మాత్రం నన్ను అలాగే చూస్తూ, "చిన్నప్పుడు గూడ గట్లనే చేస్తుంటివి. లెక్క తప్పు చేసి, మార్కులొచ్చినంక చెప్తుంటివి," అంది. "ఈసారి ముందుగాల చెప్పినవ్. నయమే," అంది. తర్వాత గోడ వైపు తిరిగింది. ఆమె భుజం కదలడం చూసి, ఏడుస్తోందని నాకు ఆలస్యంగా అర్థమైంది.

ఆపరేషన్‌కు తల్లికి పూర్తి మత్తు ఇవ్వలేదు. అక్క మెలకువగానే ఉంది. తలుపు బయట నేను, అమ్మ. లోపల ఏ నిమిషానికి ఏం జరుగుతుందో నాకు తెలుసు. అదే నా శిక్ష. అమ్మకు తెలియదు కాబట్టి ఆమె దేవుణ్ని తలుచుకుంది. నేను తలుచుకున్నవి వేరే. ఇప్పుడు చర్మం. ఇప్పుడు కండరం. ఇప్పుడు పొర. పొర దగ్గర నా లెక్క ఆగిపోయింది. ఆ తర్వాత ఏం ఊహించుకున్నా గాజు పగులులాంటి ఆ చీలికే కనబడింది. తలుపు తెరుచుకున్న ప్రతిసారీ నేను ముందు చూసింది మనిషి ముఖం కాదు, కింద చెప్పుల తడి.

చివరికి సర్జన్ వచ్చింది. "నాళాలు మూసేశాం. ఎక్కువైన నీళ్లు తీసేశాం. ఇప్పటికి ఇద్దరి గుండెలూ కొట్టుకుంటున్నాయి. రేపు పొద్దున మళ్ళీ చూద్దాం," అంది. అమ్మ ఆవిడ చేతులు పట్టుకుంది. నేను 'ఇప్పటికి' అన్న మాట దగ్గరే ఉండిపోయాను.

మరునాడు కూడా ఇద్దరి గుండెలూ కొట్టుకుంటున్నాయి. మూడో రోజుకు, అంతకుముందు నీళ్లే లేని చిన్న బిడ్డ చుట్టూ స్కాన్‌లో నల్లటి సన్నని గీతలా నీరు కనిపించింది. ఆ బిడ్డ మొదటిసారి కాలు చాపడానికి చోటు దొరికిందని స్కాన్ చేసినావిడ చెప్పింది. అమ్మ అక్కడే నేల మీద కూర్చుని ఏడ్చింది.

ఆ ట్రోకార్‌ను వెనక్కు తెప్పించారు. నా పాత కాగితాన్ని కొట్టివేసి కొత్తది రాశాం. అందులో ఉప్పు, పసుపు, పిడికెడు, కాక చెప్పిన కారణం అన్నీ ఉన్నాయి. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే కొంచెం తేలికయ్యేది. నా ఉద్యోగం పోలేదు. కానీ నా సంతకం ఇప్పుడు ఒంటరిగా చెల్లదు, పక్కన ఇంకొకరు చూసి పెట్టాలి. అది న్యాయమే.

అక్క ఇప్పుడు ఎల్లారెడ్డిలో అమ్మ దగ్గర ఉంది. ఏడో నెల. వారం విడిచి వారం కామారెడ్డి వెళ్లి చూపించుకుని వస్తోంది. ఏ రోజు తడి తగిలినా, నీళ్లు పోయినట్టు అనిపించినా వెంటనే హైదరాబాద్ రావాలి. అందుకని రోజూ పొద్దున ఆరింటికి నాకు ఫోన్ చేయమన్నాను. ఆమె చేసేది. నేను అడగకముందే "పోలే" అనేది, నీళ్లు పోలేదని. తర్వాత నేను నా ప్రశ్నలు వరుసగా అడిగేవాణ్ని. నొప్పి ఉందా, జ్వరం ఉందా, ఇద్దరూ కదిలారా, ఎవరు తక్కువ కదిలారు, నిన్నటి కంటే తక్కువా. తొమ్మిది ప్రశ్నలు. నిన్న ఆరో ప్రశ్న దగ్గర నన్ను ఆపేసింది.

"ఒక మాట చెప్తా, కోపానికి రాకు. రాత్రంత మంచిగ పండుకుంట. పొద్దున నీకు ఫోన్ చెయ్యాలె అని యాదికొచ్చినంక భయమైతది. నువ్ అడిగినంక ఇంకింత భయమైతది. రేపటి సంది ఫోన్ చెయ్య."

"మరి నాకెట్ల తెలవాలె అక్కా?"

"ఏమన్నయితే చేస్త. చెయ్యలేదంటే ఏం కాలేదన్నట్టు. నీ భయం నువ్వే వెట్టుకో. నా తాన ఇద్దరున్నరు, మూడోదానికి జాగ లేదు."

ఈ రోజు ఆరింటికి లేచి కూర్చున్నాను. ఫోన్ బల్ల మీద పెట్టి, చప్పుడు పెంచి ఉందో లేదో చూసుకున్నాను. ఆరు దాటింది. ఏడు దాటింది. ఇది రాస్తున్న ఈ క్షణం వరకు అది మోగలేదు.